నిమ్మతోట జీపు అసలు ఏ జీపో తేల్చుకోవడం ఎలా

“అక్కా, 1942 నాటి అమెరికా మిలిటరీ జీపు దొరికింది. ఫోటోలు పంపాను, చూసి చెప్పవా” అని అల్లూరు వైపు రొయ్యల గుంటలు చేసే కుర్రాడు ఒకడు ఫోను చేశాడు. నెల్లూరులో ముప్పై ఏళ్లు జీపు విడిభాగాల కొట్టు నడిపాను. కొట్టు మూసి నాలుగేళ్లయినా ఇలాంటి ఫోన్లు ఆగలేదు. ఇంతకీ ఫోటోల్లో ఏముంటుంది? ముదురాకుపచ్చ రంగు, బానెట్టు మీద తెల్ల నక్షత్రం, వెనక ఒక రేకు డబ్బా. ఈ మూడూ అమర్చడానికి పెయింటరుకు ఒక పూట చాలు.

బండి పొదలకూరు దాటాక ఒక నిమ్మతోటలో, కాయల బస్తాలు వేసే షెడ్డులో ఉందన్నాడు. వస్తాను పద అన్నాను. ఆ రోజు వాడికి ఏ వరుసలో చూపించానో అదే వరుసలో ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లేటప్పుడు ఒక కొలత టేపు, టార్చిలైటు, వైరు బ్రష్షు, చిన్న అయస్కాంతం, సీసాలో కొంచెం డీజిల్, పడుకోవడానికి ఒక గోనెసంచి పట్టుకెళ్లండి. తెల్లచొక్కా వేసుకోకండి. మా కుర్రాడు వేసుకొచ్చాడు.

ముందు ముక్కు దగ్గరికి వెళ్లి గ్రిల్లు చీలికలు లెక్కపెట్టడం అందరికీ అలవాటు. నేను ముక్కును చివరికి వదిలేస్తాను. ముక్కు, బానెట్టు, మడ్‌గార్డులు అన్నీ బోల్టులతో బిగించినవి. డెబ్బై, ఎనభై ఏళ్లలో ఎవరైనా విప్పి ఉంటారు, వేరే జీపువి తెచ్చి తగిలించి ఉంటారు. చాసీ మార్చడానికి అంత తేలిగ్గా ఎవరూ పూనుకోరు. అందుకే కింద నుంచి పైకి రావాలి.

మొదట టేపు తీసి ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్య దాకా కొలవండి. 80 అంగుళాలు, అంటే 203 సెంటీమీటర్లు వస్తే ముందుకు సాగవచ్చు. 91 అంగుళాలు వచ్చిందంటే అది మన దేశంలో తయారైన పొడుగు జీపు. ఉదయగిరికీ పెంచలకోనకూ పదిహేనేసి మందిని ఎక్కించుకుని తిరిగిన సర్వీసు జీపుల్లో ఎక్కువ భాగం అవే. మంచి బండే కానీ యుద్ధకాలం నాటిది కాదు.

ఆ యుద్ధకాలం జీపు వెనక ఒక కథ ఉంది. 1940 జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు ఉత్తరం రాసింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందాలి, పావు టన్ను మొయ్యాలి, అద్దం ముందుకు మడవాలి, బరువు 590 కిలోలు దాటకూడదు, మొదటి బండి 49 రోజుల్లో మా ముంగిట ఉండాలి. ఇవీ షరతులు. స్పందించినవి రెండే రెండు కంపెనీలు: బాంటమ్, విల్లీస్. పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే ఊళ్లో ఉన్న బాంటమ్ కంపెనీ దివాలా అంచున ఉంది. చేతిలో ఇంజనీర్లు కూడా లేరు. డెట్రాయిట్ నుంచి కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించుకుంటే, ఆయన రెండు రోజుల్లో బండి మొత్తానికి నక్షా గీసి ఇచ్చాడు. సెప్టెంబరు 23న, గడువు ముగియడానికి అరగంట ముందు, ఆ బండి మేరీలాండ్‌లోని సైనిక శిబిరం గేటు దాటింది. ఇంత చేసిన బాంటమ్‌కు దక్కింది మాత్రం మూడు వేల లోపు బండ్ల తయారీ. చిన్న కంపెనీ, లక్షల్లో చెయ్యలేదని దాని నక్షాలు సైన్యం విల్లీస్‌కూ ఫోర్డుకూ చూపించింది. తరువాత బాంటమ్ జీపు వెనక లాగే ట్రైలర్లు చేసుకుంటూ యుద్ధం గడిపింది. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా మా నాన్న నోట ఒక మాట వచ్చేది. అది ఇక్కడ రాయలేను.

మా నాన్న సంగతి కూడా చెప్పాలి. సైదాపురం దగ్గర ఒక అభ్రకం గనిలో ఆయన జీపు డ్రైవరు. తరువాత నెల్లూరులో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. గని జీపు యుద్ధం ముగిశాక మిలిటరీ వేలంలో కొన్నదట. బడి లేని రోజుల్లో ఆయనకు టార్చి పట్టుకుని నిలబడటమే నా పని. చాసీ సందుల్లో కాకిబంగారం తళుకులు మెరుస్తూ ఉండేవి. ఎంత కడిగినా పోయేవి కావు.

ఇప్పుడు గోనెసంచి పరుచుకుని, రేడియేటరు కిందికి తల పెట్టి పడుకోండి. చాసీలో రెండు పొడవాటి కమ్మీలను ముందువైపు కలిపే అడ్డకమ్మీ ఒకటి కనిపిస్తుంది. మురికి పట్టి ఉంటే చేత్తో తడిమినా చాలు. గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లీస్ ఎంబీ. పలకగా, బోర్లించిన తొట్టిలా ఉంటే ఫోర్డు జీపీడబ్ల్యూ. యుద్ధకాలం జీపుల్లో ఈ రెండింటినీ విడదీసే గుర్తుల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది ఇదే.

ఒకే జీపుకు రెండు కంపెనీలు ఎందుకని కుర్రాడు అడిగాడు. సైన్యం చివరికి విల్లీస్ నమూనాను ఎంచుకుంది. ఒక ఫ్యాక్టరీ ఆగిపోతే రెండోది నడవాలి, పైగా ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకని 1941 చివర్లో అదే బండిని చెయ్యమని ఫోర్డుకు కూడా ఆర్డరు ఇచ్చింది. యుద్ధం ముగిసేసరికి విల్లీస్ మూడున్నర లక్షలకు పైగా, ఫోర్డు సుమారు 2,80,000 చేశాయి. ఒకదాని భాగం ఇంకొకదానికి పట్టాలన్నది షరతు. జీపీడబ్ల్యూ పేరులో జీ అంటే ప్రభుత్వ కాంట్రాక్టు, పీ అంటే 80 అంగుళాల చక్రాల దూరానికి ఫోర్డు వాడే గుర్తు, డబ్ల్యూ అంటే విల్లీస్ నమూనా. పరాయి కంపెనీ బండి చేస్తున్నామన్న రోషమో ఏమో, ఫోర్డు తన ప్రతి చిన్న భాగం మీదా ఎఫ్ అక్షరం ముద్ర కొట్టింది. బోల్టు తలల మీద కూడా. వైరు బ్రష్షుతో రుద్ది, డీజిల్ గుడ్డతో తుడిచి చూడండి. ఒక్క ఎఫ్ బోల్టు కనిపించగానే గంతులు వెయ్యకండి. విల్లీస్ బండికి కూడా ఎక్కడో ఒకచోట ఫోర్డు బోల్టు ఎక్కి ఉంటుంది, మా కొట్లోనే అలాంటివి డబ్బాల్లో కలిసిపోయి ఉండేవి. స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర, బంపరు దగ్గర, బాడీ దిగే చోట, మూడు నాలుగు వేర్వేరు చోట్ల కనిపిస్తేనే లెక్క.

కింద ఉండగానే నంబరు కూడా వెతకండి. ఫోర్డుకు ఎడమ చాసీ కమ్మీ పైముఖాన, బంపరుకూ ఇంజనుకూ మధ్య, జీపీడబ్ల్యూ అక్షరాలతో మొదలయ్యే అంకెలు నేరుగా ఇనుములోకి కొట్టి ఉంటాయి. విల్లీస్‌కు ఎడమ కమ్మీ లోపలివైపు, బంపరు వెనక, రివెట్లు వేసిన చిన్న పలక మీద ఉంటాయి. పలక తళతళ మెరుస్తూ ఉంటే మాత్రం అనుమానించండి. పాత పలకల నకళ్లు అమ్మేవాళ్లు ఉన్నారు.

ఇక లేచి లోపల చూడండి. యుద్ధకాలం జీపుకు స్టీరింగు ఎడమవైపు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే. సీటు ఎత్తి మూత తిప్పి పొయ్యాలి. మన దగ్గర చాలామంది స్టీరింగును కుడివైపుకు మార్పించారు. అయినా ఎడమ సీటు కింద నేలలో ట్యాంకు దిగడానికి చేసిన గుంట అలాగే మిగిలిపోతుంది. వెనక పలక చూడండి. యుద్ధకాలం దానికి దించే తలుపు ఉండదు, పలక బాడీతో కలిసే ఉంటుంది, స్టెప్నీ దాని మీదే వేలాడుతుంది. తలుపు కిందికి దిగి, స్టెప్నీ కుడి పక్కన ఉంటే అది 1945 నుంచి విల్లీస్ రైతుల కోసం చేసిన సీజే-2ఏ వంశం. సీజే అంటే పౌరుల జీపు. పొలానికి బస్తాలు ఎక్కించాలంటే వెనక తలుపు కావాలి కదా. దానికి పెట్రోలు పోసే మూత కూడా బాడీ బయటికి వచ్చింది.

నిమ్మతోట జీపుకు వెనక తలుపు ఉంది. కుర్రాడి ముఖం వాడిపోయింది. కీళ్లు చూడమన్నాను. ఇంటి గేటుకు వేసే కీళ్లు. అంచున గ్యాసు కట్టరుతో కోసిన గీత వంకరటింకరగా కనిపిస్తోంది. నిమ్మకాయల బస్తాల కోసం ఎవరో పలకను కోసి తలుపు చేశారు. అంటే తలుపు ఉన్నంత మాత్రాన తరువాతి బండి అని చెప్పలేం, ఆ తలుపు ఎవరు పెట్టారో చూడాలి.

ఇంజను దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. విల్లీస్ నమూనా గెలవడానికి పెద్ద కారణం ఈ ఇంజనే. విల్లీస్ ముఖ్య ఇంజనీరు డెల్మార్ రూస్ తమ పాత కారు ఇంజనునే పట్టుకుని, ఒక్కో భాగం సరిచేసుకుంటూ, 48 గుర్రాల బలాన్ని 60కి పెంచాడు. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు. ఫోర్డు తన నమూనా బండిలో ట్రాక్టరు ఇంజను పెట్టింది. దాని బలం 50 గుర్రాలు కూడా లేదు. అయితే విల్లీస్ నమూనా బండి బరువు ఎక్కువైపోయింది. సైన్యం అప్పటికే తన 590 కిలోల మాట అసాధ్యమని తెలుసుకుని 980 కిలోలకు సడలించింది. విల్లీస్ దానికన్నా వంద కిలోలకు పైగా ఎక్కువ తూగింది. ఇంజను తేలికది పెట్టమంటే రూస్ ఒప్పుకోలేదు. బండి మొత్తం విప్పించి, బోల్టుల్లో నట్టు దాటి బయటికి వచ్చిన కొసలు కోయించి, రేకులు పలుచన చేయించి, ఆఖరికి రంగు ఒక్క పొరతో సరిపెట్టి పరిమితిలోకి తెచ్చాడు. బంగారం కాటాలో పెట్టి ఇనుము తూచినట్టు ఉంటుంది ఆ కథ.

ఆ ఇంజనును గుర్తుపట్టడం తేలిక. పైన తల చదునైన మూతలా ఉంటుంది. నాలుగు ప్లగ్గులు దాని మీద నిలువుగా నిలబడి ఉంటాయి. వాల్వులన్నీ పక్కన, దిమ్మెలోనే ఉంటాయి కాబట్టి తల మీద ఇంకేమీ ఉండదు. అలా కాకుండా తల మీద పొడవాటి రేకు మూత, దాని కింద వాల్వులను నొక్కే రాకర్లు ఉంటే అది 1953 నాటి సీజే-3బీలో పెట్టిన ఇంజను. దిమ్మె పాతదే, కానీ గాలి లోపలికి తీసుకునే వాల్వులను పైకి ఎక్కించారు. బలం 70 గుర్రాలు దాటింది. ఎత్తు కూడా పెరిగింది. పాత బానెట్టు మూసుకోదు. అందుకే సీజే-3బీ బానెట్టు అంత ఎత్తుగా, టోపీ పెట్టినట్టు ఉంటుంది. ఆ బండిని చూసి అందంగా లేదని అమెరికాలో చాలామంది ముఖం తిప్పుకున్నారు. మన దేశంలో మాత్రం మహీంద్రా వాళ్లు దశాబ్దాల పాటు చేసింది ఆ ఎత్తు బానెట్టునే. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలుపెట్టి, తరువాత పూర్తిగా ఇక్కడే తయారు చేశారు. మన ఊళ్లలో జీపు అనగానే కళ్ల ముందు కదిలే బొమ్మ అదే. నాకు అదే నచ్చుతుంది, ఎవరేమన్నా సరే.

నిమ్మతోట జీపు బానెట్టు చదునుగానే ఉంది కానీ, నడుమ ఒంగోలు గిత్త మూపురంలా ఒక బుడిపె లేచి ఉంది. తోట యజమాని దాన్ని మిలిటరీ వాళ్లు ఏదో యంత్రం పెట్టడానికి చేయించుకున్నారని చెప్పాడు. “అన్నా, ఒకసారి బానెట్టు లేపండి” అన్నాను. లోపల రాకర్ల మూత ఉన్న ఇంజను. పాత ఇంజను చెడిపోతే మహీంద్రాది తెచ్చి దించారు, బానెట్టు పడక టింకరింగ్ మేస్త్రి లోపలి నుంచి సుత్తితో మూపురం తీశాడు. డీజిల్ ఇంజను ఎక్కించలేదు, అదే పదివేలు. పెట్రోలు ధరకు భయపడి సగం జీపులకు ఆ గతి పట్టింది.

ఇప్పుడు ముక్కు. విల్లీస్ చేసిన మొదటి 25 వేల పైచిలుకు బండ్లకు గ్రిల్లు అంటే ఇనప పట్టీలు వరుసగా నిలబెట్టి వెల్డింగు చేసినది, కిటికీ ఊచల్లాగా. ఒకే రేకును ప్రెస్సులో పెట్టి తొమ్మిది చీలికలు కొడితే తేలిక, చవక అని దారి చూపింది ఫోర్డు. తరువాత విల్లీస్ కూడా అదే తీసుకుంది. యుద్ధం అయ్యాక పౌరుల జీపుకు పెద్ద హెడ్‌లైట్లు పెట్టడంతో చీలికలు ఏడయ్యాయి. ఈ రోజు జీపు గుర్తుగా ప్రపంచమంతా తెలిసిన ఏడు చీలికలు అలా వచ్చాయి. ఏడు ఖండాలకు గుర్తు అని చెప్పేవాళ్లను నవ్వి వదిలెయ్యండి.

తొమ్మిది చీలికల దానిలో నాకు ఇష్టమైన ఏర్పాటు ఒకటుంది. హెడ్‌లైటు వెనక నట్టు వదులు చేసి దీపాన్ని వెనక్కి తిప్పితే వెలుగు ఇంజను మీద పడుతుంది. రాపూరు–చిట్వేలు ఘాటులో ఒక వానరాత్రి నాన్న ఆ వెలుగులోనే కార్బురేటరు విప్పి శుభ్రం చేశాడట. మీరు చూసే బండిలో దీపాలు తిరుగుతున్నాయా, బిగుసుకుపోయాయా చూడండి.

మా నిమ్మతోట బండికి ఏడు చీలికలే. అల్లూరు కుర్రాడు పూర్తిగా ఆశ వదులుకున్నాడు. ఫోనులో చూసిన ప్రతి వీడియో ఏడు ఉంటే యుద్ధకాలం కాదనే చెప్పిందట. కానీ కింద తడిమినప్పుడు నా చేతికి తగిలింది పలక కమ్మీ. బంపరు దగ్గర, స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర, బాడీ బోల్టుల్లో ఎఫ్‌లు. ఎడమ కమ్మీ మీద నాలుగు పొరల రంగు గోకితే జీపీడబ్ల్యూ, దాని పక్కన అంకెలు. ముక్కు, ఇంజను, వెనక తలుపు పరాయివి. అసలు బండి ఫోర్డుది, యుద్ధకాలానిదే. తోట యజమాని చెప్పిన కారణాలన్నీ తప్పు, చెప్పిన మాట మాత్రం దాదాపు నిజమే.

తుప్పు గురించి రెండు ముక్కలు. నేల రేకు కింద అడ్డంగా టోపీ ఆకారపు పట్టీలు ఉంటాయి. వాటి లోపల చెక్క పెట్టారు ఆ రోజుల్లో. చెక్క నీళ్లు పీల్చి పట్టుకుని రేకును లోపలి నుంచి తినేస్తుంది. వేలితో నొక్కి చూడండి. అయస్కాంతం అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. తీరం దగ్గరి జీపు, అందులోనూ రొయ్యల గుంటల్లో తిరిగిన జీపు అయితే, చాసీ కమ్మీలను పానాతో తట్టుకుంటూ వెళ్లండి. ఖంగున మోగాలి. ఇదే మాట కుర్రాడికి ఇంకోలా చెప్పాను: కొన్నాక దీన్ని గుంటల గట్ల మీదికి తీసుకెళ్లకు నాయనా.

చక్రాలు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఎడమవైపు చక్రాల నట్లకు మర తిరగేసి ఉంటుంది. తిరుగుతూ తిరుగుతూ నట్లు వదులు కాకూడదని అలా చేశారు. విప్పాలంటే మామూలుగా బిగించే వైపుకు తిప్పాలి. స్టడ్డు కొసన ఎల్ అక్షరం ఉందేమో చూడండి. ఇది తెలియక మా షెడ్డులో చేరిన కొత్త కుర్రాడు గొట్టం తగిలించి బలంకొద్దీ లాగి, మూడు స్టడ్లు వరుసగా విరగ్గొట్టాడు. టైర్ల గురించి బెంగ వద్దు. 6.00-16 కొలత మన ట్రాక్టర్ల ముందు టైర్లదే, దొరుకుతుంది.

చివరిది, చాలామంది మొదటే చూసి మురిసిపోయేది, కాగితాలు. ఆర్‌సీలో రాసిన సంవత్సరం బండి పుట్టినది అయి ఉండకపోవచ్చు. వేలంలో కొన్నాక మొదటిసారి నమోదు చేయించిన సంవత్సరమే తయారీ సంవత్సరంగా ఎక్కినవి నేను చాలా చూశాను. ఆర్‌సీలో చాసీ నంబరు, ఇనుము మీద నంబరు ఒకటేనా అన్నది సంవత్సరం కన్నా ముఖ్యం. అవి కలవకపోతే ఎంత చవకైనా తిరిగి వచ్చెయ్యండి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ నమోదు తెచ్చింది. నంబరు ప్లేటు మీద రాష్ట్ర అక్షరాల తరువాత వీఏ అని వస్తుంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే చాసీ, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు, రోజూ రోడ్డు మీద తిప్పుకోవడానికీ వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం లాంటి పనులకే బయటికి తియ్యాలి. మూపురం బండిని ఉన్నదున్నట్టుగా ఆ లెక్కలోకి తేవడం కష్టం. చదును తల ఇంజను ఒకటి వెతికి దించితే అప్పుడు ఆలోచించవచ్చు. ఆ ఖర్చు ముందే లెక్కవేసుకుని బేరం ఆడమన్నాను.

తోట ఆయన ఆరు లక్షలు అన్నాడు. మూపురం చూపించాక నాలుగున్నరకు దిగాడు. గేటు కీళ్లు చూపించాక మజ్జిగ తెప్పించాడు. నంబర్లు కలిశాయి. కుర్రాడు బయానా ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు వాడు అడిగాడు, “అక్కా, ఇది మీ నాన్న నడిపిన గని జీపే అయ్యుండొచ్చు కదా? సైదాపురం ఎంత దూరం ఇక్కడికి!” వాడికి అలా అయితే బాగుండునని ఉంది. కాదన్నాను. నాన్నది విల్లీస్. షెడ్డులో దాన్ని జాకీల మీదికి ఎత్తినప్పుడల్లా నేను రెండు చేతులతో పట్టుకుని వేలాడింది గుండ్రటి గొట్టం.